ఈసారి సంక్రాంతి ఫ్లాట్‌లోనే. పిల్లల చేత బొమ్మల కొలువు, ముగ్గులు, గొబ్బెమ్మలు ఎలా చేయించాలి?

కోనసీమ కోడలు:

అందరికీ నమస్తే అండి. మేం ఉండేది కూకట్‌పల్లిలో, అద్దె ఫ్లాట్, 3వ అంతస్తు. బాబుకి 9 ఏళ్ళు, పాపకి 5. ఇన్నాళ్ళూ సంక్రాంతి అంటే అమలాపురం దగ్గర మా అత్తగారి ఊరు వెళ్ళిపోవడమే, అక్కడ వాకిలి ఉంది, పేడ ఉంది, చెరుకు ఉంది, పిన్నులూ పెద్దమ్మలూ అందరూ ఉంటారు కాబట్టి మేం చేయి వేయకపోయినా పండగ జరిగిపోయేది. ఈ ఏడాది మామయ్యగారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక వాళ్ళిద్దరూ మా దగ్గరికే వచ్చేశారు, ఊళ్ళో ఇల్లు తాళం వేసుంది, అంత దూరం ప్రయాణం ఇప్పుడప్పుడే వద్దని డాక్టర్ గారన్నారు. సో పండగ ఇక్కడే.

ఈ మాట చెప్పగానే మా బాబు అడిగిందేంటంటే "మరి నా భోగి పిడకల దండో?" అని. ఊళ్ళో వాళ్ళ తాతయ్య సంక్రాంతి నెల పట్టగానే పిడకలు కొట్టించి, మధ్యలో చిల్లు పెట్టించి, ఎండాక పురికొసకి గుచ్చి ఒక్కో పిల్లాడికి ఒక్కో దండ రెడీగా పెట్టేవారు. భోగి తెల్లారగట్ల ఆ దండ మెళ్ళో వేసుకుని మంట దగ్గరికి పరిగెత్తడం, వాడికి పండగంటే అదే. పాపకేమో భోగిపళ్ళు.

ఇక్కడ మా ఫ్లాట్‌లో అలంకరణ అంటే ఆన్‌లైన్లో కొన్న ప్లాస్టిక్ మామిడాకుల తోరణం, గడప ముందు స్టిక్కర్ ముగ్గు. రెండూ ఏడాది పొడుగునా అలాగే ఉంటాయి, దాంతో పండగొచ్చినా ఇంటికి కొత్త కళ ఏం రాదు. మావారేమో అన్నీ ఆర్డర్ పెట్టేద్దాం, రెడీమేడ్ కొలువు మెట్లు కూడా దొరుకుతున్నాయి అంటున్నారు. నాకు మాత్రం ఈసారి కొన్నవి తక్కువ, పిల్లలు చేసినవి ఎక్కువ ఉండాలని ఉంది. గోడలకి మేకులు కొట్టకూడదు (ఓనర్ ముందే చెప్పారు), ఖర్చు కూడా పెద్దగా వద్దు.

నా డౌట్లు ఏంటంటే, బొమ్మల కొలువు పెడదామంటే అత్తయ్యగారు "మనకి ఆనవాయితీ లేదమ్మా, ఒకసారి పెడితే మళ్ళీ మానకూడదు" అంటున్నారు, ఇది ఎంతవరకు పట్టించుకోవాలి? ఇంట్లో బొమ్మలు కూడా ఎక్కువ లేవు, విజయవాడ వెళ్ళినప్పుడు కొన్న కొండపల్లి అంబారీ ఏనుగు, ఒక తాడిచెట్టు, పాప ఆడుకునే ఏటికొప్పాక లక్కపిడతలు, అంతే. పిల్లలకి ముగ్గు పెట్టడం ఎలా నేర్పాలి, గొబ్బెమ్మలకి పేడ ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది, ఫ్లాట్‌లో ఇవన్నీ చేసినవాళ్ళు ఉంటే కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్. ఇంకా నెలన్నర టైం ఉంది.

కాకినాడ పెద్దమ్మ:

అమ్మా, ముందు మీ అత్తగారి మాట గురించి చెప్తాను. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు, కొలువు పెట్టిన ఇంట్లో ఏటా పెట్టాలి, ఏటా కనీసం ఒక్క కొత్త బొమ్మైనా చేర్చాలి అనేది మా వైపు గట్టిగా ఉన్న మాటే. ఆవిడ భయం ఏంటంటే రేపు మీకు కుదరక మానేస్తే ఏమవుతుందోనని. అందుకని ఆవిడని పక్కన పెట్టి మీరు చేయకండి. నేను చూసిన చాలా ఇళ్ళల్లో పెద్దల కొలువు ఆనవాయితీ లేకపోయినా పిల్లలు పీట వేసుకుని వాళ్ళ ఆట బొమ్మలు వరసగా పెట్టుకుని, పక్కింటి పిల్లల్ని పిలిచి శనగలు పంచేవాళ్ళు, దాన్ని ఎవరూ వద్దనలేదు. అలా "పిల్లల కొలువు" అని చెప్పి 3 మెట్లతో మొదలుపెడతామని అడగండి, మొదటి బొమ్మ మీరే మీ చేత్తో పెట్టండి అత్తయ్యా అనండి. ఒప్పుకుంటారు, నాకు నమ్మకం ఉంది.

మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి, 3 గానీ 5 గానీ 7 గానీ. రెడీమేడ్ మెట్లు అసలు కొనక్కర్లేదు. ఇంట్లో సూట్‌కేసులు ఉంటాయి కదా, కింద పెద్దది అడ్డంగా, దానిమీద వెనక్కి జరిపి ఇంకోటి, పైన ఒక అట్టపెట్టె, లోపల పాత పుస్తకాలు నింపితే కదలదు. మెట్టుకీ మెట్టుకీ జానెడు వెడల్పు మిగలాలి, లేకపోతే బొమ్మ నిలబడదు. మొత్తం మీద మీ మామగారి తెల్ల పంచె ఒకటి పరిచి, అంచుల దగ్గర గుండుసూదులు పెట్టి లోపలికి మడిచేయండి, పిల్లలు లాగినా ఊడిరాదు. వెనక గోడకి ఏం కొట్టక్కర్లేదు, కర్టెన్ రాడ్డుకి ఒక జరీ చీర వేలాడేస్తే అదే తెర.

పై మెట్టున దేవుళ్ళు, మధ్యలో మనుషులు, కింద జంతువులూ ఊరూ. ఇంతే పద్ధతి, మిగతాది పిల్లల ఇష్టం. కార్లు పెడతాం, డైనోసార్ పెడతాం అంటారు, పెట్టనివ్వండి. మా చిన్నప్పటి కొలువులో కూడా రైలుబండి ఉండేది, క్రికెట్ ఆడే బొమ్మలుండేవి, ఏ కాలం పిల్లలు ఆ కాలం బొమ్మలే పెడతారు.

అన్నిటికన్నా పిల్లలకి నచ్చేది కింద నేల మీద చేసే ఊరు. దీనికి ముందునుంచే పని ఉంది, ఇప్పుడే చెప్తున్నాను. భోగికి వారం పది రోజుల ముందు ఒక వెడల్పాటి ప్లేటులో పల్చగా మట్టి పోసి, ఆవాలు గానీ మెంతులు గానీ రాత్రి నానబెట్టి ఒత్తుగా చల్లి, పైన తడిగుడ్డ కప్పి ఉంచండి. మొలకొచ్చాక గుడ్డ తీసి వెలుతురులో పెట్టి రోజూ నీళ్ళు చిలకరించే పని పాపకి అప్పగించండి. పండగ నాటికి పచ్చగా బెత్తెడు లేస్తుంది, అదే వరిచేను. మధ్యలో ఒక స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోస్తే చెరువు, అగ్గిపెట్టెలు పేర్చి మట్టి పూస్తే బావి, మీ కొండపల్లి తాడిచెట్టు గట్టు మీద నిలబెట్టండి. లక్కపిడతలతో వంటిల్లు అయిపోయింది. హరిదాసుని మీ బాబు అట్టముక్కతో చేస్తాడు, నెత్తిన అక్షయపాత్రకి ఒక ఉసిరికాయ అతికిస్తే సరి.

భోగి రోజు పెట్టి కనుమ దాకా ఉంచుకోండి. సాయంత్రాలు హారతిచ్చి, ఫ్లోర్లో ఉన్న పిల్లల్ని పిలిచి ఉడికించిన శనగలు, ఒక్కో అరిసె ఇవ్వండి. చివరి రోజు సాయంత్రం హారతి అయ్యాక ఒక బొమ్మని పడుకోబెట్టాలి, అంటే కొలువు ముగిసినట్టు. ఆ పని చిన్నదాని చేత చేయించండి.

ఇంకోమాట, పిడకల దండ మీ మామగారి పని. ఆయన కుర్చీలోంచి లేవక్కర్లేదు, బాల్కనీలో పాత పేపర్లు పరిచి బాబుని పక్కన కూచోబెట్టండి, చిన్న చిన్న ఉండలు చేసి అరచేత్తో నొక్కి, తడిగా ఉండగానే వేలితో చిల్లు పెట్టాలి, ఎండాక పెడితే విరిగిపోతుంది. చలికాలం ఎండకి పది రోజులు పైనే పడుతుంది కాబట్టి డిసెంబర్ 16, 17 ప్రాంతంలో నెల పట్టగానే మొదలెట్టండి.

నెల్లూరు శ్రీమతి:

పెద్దమ్మగారూ మీరు చెప్పిన చేను ఐడియా చాలా బావుంది, కానీ కొలువు విషయంలో నాది కొంచెం వేరే మాట, ఏమీ అనుకోకండి. మా ఇంట్లో కొలువు దసరాకి పెడతాం, అది మా అమ్మమ్మగారి వైపు నుంచి వచ్చింది. ఆనవాయితీ లేని ఇంట్లో పెద్దావిడకి మనసులో శంక ఉన్నప్పుడు మాత్రం మొదటి ఏడాది ఆగితేనే మంచిది, పండగ మూడు రోజులూ ఆవిడ ఆ ఆలోచనలోనే ఉంటే ఇంట్లో ఎవరికీ సంతోషం ఉండదు. పిల్లలకి చేయడానికి కొలువు ఒక్కటే కాదు కదా.

తోరణం తీసుకోండి. ప్లాస్టిక్‌ది తీసి లోపల పెట్టేసి, అసలు మామిడాకులు తెప్పించండి, 9 ఏళ్ళ పిల్లాడు హాయిగా కట్టేస్తాడు. లేతవీ వద్దు, మరీ ముదురువీ వద్దు. ఆకు కొసని వెనక్కి మడిచి తొడిమ దగ్గరికి తెచ్చి చీపురుపుల్ల ముక్కతో కుట్టేసినట్టు గుచ్చాలి, అప్పుడు ఆకు గుండ్రంగా ఉబ్బి నిలబడుతుంది. కొబ్బరి తాడు పురి కొంచెం విప్పి ఆ సందులోంచి పుల్ల దూర్చి వదిలేస్తే పురి దానంతటదే బిగుసుకుంటుంది, ముడి కూడా అక్కర్లేదు. మధ్యమధ్యలో ఒక బంతిపువ్వు. పూలు ఎక్కువ కావాలంటే గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పొద్దున్నే వెళ్ళండి, కాలనీలో అమ్మే రేటుకీ అక్కడికీ చాలా తేడా ఉంటుంది. గుమ్మానికి మేకు లేకపోయినా సేఫ్టీ డోర్ గ్రిల్లుకి కట్టేయొచ్చు.

అలాగే మీది కోనసీమే కాబట్టి వరికుచ్చులు గుర్తుండే ఉంటాయి, పిచ్చుకల కోసం చూరుకి వేలాడదీసేవాళ్ళు. ఊళ్ళో ఎవరినైనా అడిగితే నాలుగు పిడికిళ్ళ వరి కంకులు బస్సులో పంపిస్తారు. అల్లడం మీ అత్తగారికి వచ్చేమో అడిగి చూడండి, చాలామందికి వచ్చు, అడిగేవాళ్ళే లేరు. బాల్కనీలో మాత్రం పావురాలు వదలవు, అందుకని లోపల హాల్లోనే కట్టుకోండి.

సిద్దిపేట నాన్న:

అక్కా నమస్తే. మాది సిద్దిపేట దిక్కు, ఇప్పుడు ఉప్పల్ల ఉంటున్నం. మా దిక్కు కొలువు లేదు గనీ సంక్రాంతి అంటే ముగ్గులు, గొబ్బెమ్మలు, సకినాలు, పతంగులు. నాకు ఇద్దరు ఆడపిల్లలు, మూడేండ్ల సంది అన్నీ ఫ్లాట్లనే చేస్తున్నం, అందుకే రాస్తున్న.

ముగ్గు గురించి చెప్త. పిల్లలకు ఒక్కసారే పెద్ద ముగ్గు చూపెడితే చేతులెత్తేస్తరు. ముందుగాల చుక్కలు పెట్టుడు నేర్పాలె. 3 చుక్కలు, సందు చుక్క 2 దాకా అంటే 2, 3, 2 వరుసలు, మొత్తం 7 చుక్కలు, గిది 5 ఏండ్ల పాపకు సరిపోతది. బాబుకు 5 చుక్కలు సందు చుక్క 3 దాకా, అంటే 3, 4, 5, 4, 3, మొత్తం 19. ఎన్ని చుక్కలైతయో ముందే లెక్కపెట్టి చెప్పుమని అడుగుండ్రి, మా పెద్దామె 7 చుక్కలు 4 దాకా పెడితే 37 అయితయని కాయితం లేకుండనే చెప్తది ఇప్పుడు. నల్ల చార్టు మీద సుద్దముక్కతోని చుక్కలు పెట్టిచ్చి, దానిమీద పిండితోని గీత పోయిపించుండ్రి. రెండు వేళ్ళ నడుమ పిండి పట్టుకొని చెయ్యి నేలకు ఆనియ్యకుండ కొంచెం పైనుంచి విడవాలె, బొటనవేలు మెల్లగ జరుపుకుంట పోతే గీత సన్నగ, సమానంగ వస్తది. నేలకు ఆనిచ్చి గీస్తే పిండి ముద్దలు ముద్దలు పడతది. వట్టి బియ్యప్పిండి అయితే గీత సరిగ్గ జారది, ముగ్గుపిండిల కలిపితే మంచిగుంటది, కాకపోతే వట్టి బియ్యప్పిండికి చీమలొచ్చి తింటయి, అది గూడ మంచిదే అని మా అమ్మ అంటది.

రంగులు పసిపిల్లల చేతికి ఇయ్యాలంటే దుకాణంల దొరికే గాటు రంగులు నేను తేను. పసుపు, కుంకుమ, ఎండిన ఆకుల పొడి, జాజు అంటే ఎర్రమన్ను. సన్న ఇసుకల కలిపితే పిల్లల చేతికి పట్టు దొరుకుతది, గాలికి గూడ లేవది.

జాజు అన్న గదా, మా ఊర్ల గడపకు, అరుగుకు ఎర్రగ జాజు పూసి దానిమీద తెల్లగ సున్నంతోని గీతలు గీస్తరు. అద్దె ఇంట్ల గడపకు పూస్తే ఓనర్ ఊకోడు. అందుకని నేనేం చేసిన్నంటే గడప అంత పొడుగు చెక్కపలక ఒకటి కోపిచ్చిన. పిల్లలు దానికి జాజు పూసి, ఆరినంక నానబోసిన బియ్యం మెత్తగ రుబ్బి గుడ్డపేలిక ముంచి ఉంగరం వేలు మీదికెల్లి జారవిడుసుకుంట గీతలు పెడతరు. పొద్దున గడప ముందల పెడతం, పండుగ అయినంక తీసి లోపట పెడతం. తడిపిండి గీత ఆరినంక తెల్లగ మెరుస్తది చూడు అక్కా, స్టిక్కర్ దాని ముందల నిలవది.

గోడల కోసం పతంగులు తెచ్చుకోండ్రి. ధూల్‌పేటల కాయితం పతంగులు దొరుకుతయి, చిన్నయి చాన తక్కువ ధరల వస్తయి. రెండు కిటికీల రాడ్లకు నడుమ దారం కట్టి వరుసగ అంటిపెడితే హాలంత పండుగే, మేకు ముచ్చటనే లేదు. పిల్లలు ఎగరేస్తమంటే నూలు దారమే ఇయ్యండ్రి, నైలాన్ చైనా మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) 2017ల దేశమంత నిషేధించింది, పిట్టల రెక్కలు, బండి మీద పోయేటోళ్ళ మెడలు తెగుతున్నయి దాంతోని.

సకినాలు గూడ ఒక్కసారి చేసి చూడుండ్రి, తడిబియ్యప్పిండిల నువ్వులు, వాము, ఉప్పు వేసి కలిపి గుడ్డ మీద వేళ్ళతోని పురి తిప్పుకుంట చుట్టుడే. పిల్లలు ఒక్క చుట్టు చుడితే చాలు, వాళ్ళు చుట్టినయి వాళ్ళకే పెట్టుండ్రి. కాల్చే కాడికి మాత్రం రానియ్యద్దు.

కోనసీమ కోడలు:

అయ్యో ఇంత వివరంగా రాశారు అందరూ, చాలా థాంక్స్ అండి. తమ్ముడూ మీ చెక్కపలక ఐడియా వినగానే మావారు కొలత తీసేశారు.

పెద్దమ్మగారు చెప్పినట్టే అత్తయ్యగారి దగ్గర కూర్చుని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి "పిల్లలు పెట్టుకుంటే పెట్టుకోనీ, నేను వినాయకుణ్ణి పెడతాను" అన్నారు, అంతే కాకుండా వాళ్ళ పుట్టింట్లో వాళ్ళ మేనత్త పెట్టే కొలువు గురించి గంటసేపు చెప్పారు, ఇన్నేళ్ళలో ఆ మాట మేం ఎప్పుడూ వినలేదు. శ్రీమతిగారూ మీరు చెప్పింది కూడా మనసులో పెట్టుకున్నాను, ఆవిడకి ఇబ్బందిగా ఉందనిపిస్తే ఆపేసేదాన్నే. వరికుచ్చు అల్లడం కూడా వచ్చట. ఊళ్ళో వాళ్ళకి ఫోన్ చేసి కంకులు చెప్పేశారు ఆవిడే.

పేడకి మా పాలబ్బాయిని అడిగాను, వాళ్ళ పాకలోంచి బకెట్టుతో తెస్తానన్నాడు. ఇంక మిగిలింది భోగి మంట. అపార్ట్‌మెంట్లో 40 ఫ్లాట్లు, కింద సెల్లార్ పార్కింగ్, ముందు కొంచెం ఖాళీ ఉంది కానీ టైల్స్ వేసేశారు. ఎవరైనా అపార్ట్‌మెంట్లో వేశారా? అలాగే రేగుపళ్ళు 5 ఏళ్ళ పాపకి పోయొచ్చు కదా, కొంతమంది 5 లోపే అంటున్నారు.

గుంటూరు టు డాలస్:

పోయొచ్చండి హాయిగా, మా అమ్మావాళ్ళు 12 ఏళ్ళ దాకా పోసేవాళ్ళు, ఇంటింటికీ ఒక్కో లెక్క ఉంటుంది. మేం డాలస్‌లో ఉంటాం, ఇక్కడ రేగుపళ్ళు దొరకవు, చైనీస్ స్టోర్లో ఎండబెట్టినవి ఉంటాయి కానీ అవి పెద్దవి, తల మీద పోస్తే పిల్లలకి నచ్చదు. అందుకని మేం చామంతి రేకులు, నానబెట్టిన శనగలు, చిన్న చెరుకు ముక్కలు, క్రాన్‌బెర్రీలు కలుపుతాం. మీకు అక్కడ అసలువి దొరుకుతున్నాయి కాబట్టి నాలాంటివాళ్ళ తరఫున కూడా ఒక దోసెడు పోయండి. చిల్లర నాణేలు, శనగలు ఉంటాయి కాబట్టి 3 ఏళ్ళలోపు పిల్లలు ఎవరైనా వస్తే మాత్రం ఏరుకుని నోట్లో పెట్టుకోకుండా ఒకళ్ళు కనిపెట్టుకుని ఉండాలి, కింద దుప్పటి పరిస్తే అయ్యాక నాలుగు కొసలూ పట్టుకుని ఎత్తేయొచ్చు.

మా దగ్గర పండగ వీక్ డే పడితే ఆ వారం శనివారమే చేసుకుంటాం, తిథి చూసుకునేవాళ్ళు పొద్దున్న పూజ చేసేసుకుని పిల్లల కార్యక్రమం శనివారానికి పెట్టుకుంటారు. చలికి బయట ముగ్గు కష్టం, గరాజ్‌లో కారు బయట పెట్టేసి సిమెంట్ నేల మీద తడిగుడ్డ పెట్టి వేస్తాం. పిల్లలు వీధిలో గీసుకునే లావు సుద్దలు ఉంటాయి కదా వాటితో చుక్కలు కలుపుతారు, మా వీధిలో మెక్సికన్ పిల్లలు ఇద్దరు కూడా వచ్చి కూర్చుంటారు. క్రిస్మస్ లైట్లు జనవరి దాకా విప్పం, అవే కొలువు చుట్టూ తిప్పుతాం.

నేను మీకు చెప్పాలనుకున్నది ఒక్కటి. పిల్లలకి పని ఇచ్చాక మళ్ళీ సరిచేయకండి. మా అమ్మాయి కొలువులో లెగోతో గుడి కట్టి ధ్వజస్తంభం గుడి వెనకాల పెట్టింది, మా ఆయన ముందుకి మార్చబోతే నేను వద్దన్నాను. మర్నాడు ఇండియాలో వాళ్ళ అమ్మమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తున్నప్పుడు ఆవిడ గుళ్ళో ధ్వజస్తంభం ఎక్కడుంటుందో కథలా చెప్తే తనే వెళ్ళి మార్చింది. మీకు అత్తయ్యగారు మామయ్యగారు ఇంట్లోనే ఉన్నారు, అంతకన్నా ఏం కావాలండి.

ఫ్లాట్ నంబర్ 204:

భోగి మంట గురించి నేను చెప్తాను, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఈ పని నాకే అప్పగిస్తారు. ముందు అసోసియేషన్ వాళ్ళకి రాతపూర్వకంగా చెప్పండి, వాట్సాప్ గ్రూపులో మెసేజ్ సరిపోదు, ఎందుకంటే ఒక్కళ్ళు అభ్యంతరం పెట్టినా ఆ తెల్లారగట్ల గొడవ అవుతుంది. సెల్లార్‌లో గానీ ర్యాంప్ దగ్గర గానీ అస్సలు వద్దు, అక్కడ బండ్లుంటాయి, పొగ పోయే దారి ఉండదు. ముందు ఖాళీ అన్నారు కదా, టైల్స్ మీద నేరుగా మంట వేస్తే వేడికి పగులుతాయి, అందుకని నాలుగు అంగుళాల మందాన ఇసుక పోసి దానిమీద ఇటుకలు పేర్చి పాత ఇనప బాండీ పెట్టండి. అంత బాండీలో చిన్న మంటే వస్తుంది, పిల్లలకి అది చాలు, దగ్గరికొచ్చి దండ వేయడానికి కూడా భయం ఉండదు.

పిడకలు, ఎండుకట్టెలు, కొబ్బరి మట్టలు, కొంచెం ఆవునెయ్యి. పాత సామాన్లు వేయాలంటారు కానీ ప్లైవుడ్, రంగులేసిన చెక్క, రెగ్జిన్ కుర్చీలు, టైర్లు, ప్లాస్టిక్ ఏవీ వేయనివ్వకండి, ఆ పొగ పెద్దవాళ్ళకీ ఉబ్బసం ఉన్నవాళ్ళకీ చాలా ఇబ్బంది. మేం ఏం చేస్తామంటే వారం ముందు పాత సామాన్ల కోసం ఒక మూల పెట్టె పెడతాం, పనికొచ్చే బట్టలూ పుస్తకాలూ అందులో వేస్తారు, పండగ ముందు అవసరమైనవాళ్ళకి ఇచ్చేస్తాం. రెండు బకెట్ల నీళ్ళు పక్కనే ఉండాలి, పిల్లలకి నైలాన్ బట్టలు కాకుండా నూలువి వేయండి, చున్నీలు వద్దు. మంట పక్కన రాగి బిందెతో నీళ్ళు పెట్టి కాగాక తలా ఒక చెంబు ఇంటికి పట్టుకెళ్ళి తలంటు నీళ్ళలో కలుపుకుంటాం, ఇది మా వాచ్‌మన్ గారి భార్య మొదలెట్టింది, వాళ్ళది శ్రీకాకుళం. మీ వాచ్‌మన్ కుటుంబాన్ని కూడా కలుపుకోండి, మా అపార్ట్‌మెంట్లో అందరికన్నా బాగా ముగ్గు పెట్టేది ఆవిడే.

కోనసీమ కోడలు:

మా అసోసియేషన్ వాళ్ళకి ఈ రోజే లెటర్ ఇచ్చేస్తాను అండి, ఇసుక, బాండీ సంగతి కూడా అందులో రాస్తాను. ఆఖరి డౌట్ ఒకటి. అటక మీంచి కొండపల్లి ఏనుగుని దింపితే ఒక చెవి విరిగి ఉంది, దుమ్ము కూడా బాగా పట్టింది. బాబు నేను బాగుచేస్తా, రంగు వేస్తా అంటున్నాడు. కడగొచ్చా? ఏ రంగు వాడాలి?

కొండపల్లి పక్కూరు:

కడగకండి అండి. ఆ బొమ్మలు తెల్లపొణికి కర్రతో చేస్తారు, అది చాలా తేలిక కర్ర, నీళ్ళు తగిలితే పీల్చుకుని ఉబ్బుతుంది, పైన వేసిన రంగు కూడా కదిలిపోవచ్చు. పొడి బ్రష్ మెత్తనిది, పాత పెయింటింగ్ బ్రష్ అయినా సరే, దాంతో అంబారీ సందుల్లో దుమ్ము దులపండి, తర్వాత పొడి మల్లుగుడ్డతో తుడవండి. అంతకుమించి ఏం వద్దు. మీ లక్కపిడతలు వేరే సంగతి, అవి అంకుడు కర్రతో చేసి తరిణె (కర్రని గుండ్రంగా తిప్పే యంత్రం) మీద తిప్పుతూ లక్క పట్టిస్తారు, వాటిని ఎండలో గానీ స్టవ్ పక్కన గానీ పెట్టకుండా చూసుకుంటే చాలు.

చెవి సంగతికొస్తే, మా దగ్గర బొమ్మకి విడిభాగాలు అతకడానికీ సందులు పూడ్చడానికీ చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. ఇంట్లో అంత అక్కర్లేదు. విరిగిన ముక్క ఉంటే ఫెవికాల్‌తో అతికించి ఒక రాత్రి దారం చుట్టి వదిలేయండి. ముక్క పోయుంటే వడ్రంగి దగ్గర సన్నటి రంపపు పొట్టు గుప్పెడు అడిగి తెచ్చి ఫెవికాల్‌లో చపాతీ పిండిలా కలిపి, బాబుని చెవి ఆకారంలో చేయమనండి. రెండో చెవి చూసుకుంటూ చేస్తాడు, వాడికి బాగా వస్తుంది. పూర్తిగా ఎండడానికి రెండ్రోజులైనా వదిలేయాలి, తొందరపడి రంగేస్తే లోపల తడికి పగుళ్ళొస్తాయి. ఎండాక సన్న ఉప్పుకాగితంతో రుద్ది, ముందు తెల్లరంగు ఒక పూత, అది ఆరాక పైన అసలు రంగు. స్కూల్ వాటర్ కలర్స్ వద్దు, ఆక్రిలిక్ డబ్బా చిన్నది కొనండి, సరిపోతుంది. మిగతా ఏనుగు మీద రంగు ముట్టుకోకుండా చెవి ఒక్కటే వేయమనండి, పాత రంగుకీ కొత్త రంగుకీ కొంచెం తేడా కనిపిస్తుంది, ఏం పర్లేదు.

పండగ అయ్యాక మళ్ళీ దాచేటప్పుడు ప్లాస్టిక్ కవర్లో చుట్టొద్దు, చెమ్మ పట్టి బూజొస్తుంది. పాత నూలుచీర ముక్కల్లో విడివిడిగా చుట్టి, ఎండిన వేపాకు నాలుగు రెమ్మలు వేసి అట్టపెట్టెలో పెట్టండి, పెట్టె మీద ఏ బొమ్మ ఏ మూల ఉందో పిల్లల చేత రాయించండి. వచ్చే ఏడాదికి కొత్త బొమ్మ కావాలంటే మాదాపూర్ శిల్పారామంలోనూ, లేపాక్షి షోరూముల్లోనూ కొండపల్లివి దొరుకుతాయి. విజయవాడ వైపు వస్తే మాత్రం ఊళ్ళోకే రండి, 20 కిలోమీటర్లు కూడా ఉండదు, ఇళ్ళ ముందే చెక్కుతుంటారు, పిల్లలు కూర్చుని చూడొచ్చు.